తిరుమలగిరి కథకు దక్కనీ మాట

జూబ్లీ బస్టాండ్ నుంచి కార్ఖానా మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుని వెళ్తే తిరుమలగిరి వస్తుంది. ఈ కంటోన్మెంట్ ప్రాంతంలోనే 1934 డిసెంబర్ 14న సినీ దర్శకుడు శ్యామ్ బెనెగళ్ పుట్టారు. వాళ్లది కొంకణి మాట్లాడే కుటుంబం, చుట్టూ వినిపించేది తెలుగు, దక్కనీ. తండ్రి శ్రీధర్ ఫొటోగ్రాఫర్. గారిసన్ సినిమా హాల్లో బొమ్మలు చూస్తూ పెరిగిన ఆ కుర్రాడు పన్నెండేళ్లకే తండ్రి కెమెరాతో ఒక చిన్న చిత్రం తీశాడు. నిజాం కాలేజీలో అర్థశాస్త్రం చదివి, 1959లో బొంబాయి వెళ్లి లింటాస్‌లో ప్రకటనలు రాసే ఉద్యోగంలో చేరారు.

ఆయన్ని దర్శకుడిగానే తలుచుకుంటాం. కానీ ఆయన సినిమాలు ఇన్నేళ్లు నిలిచాయంటే, అందులో సగం గొప్పతనం రాతదే.

1974లో వచ్చిన ‘అంకుర్’ కాలేజీ రోజుల్లో రాసుకున్న కథ. తన పరిసరాల్లో జరిగిన ఒక సంఘటనే దానికి మూలం. నిర్మాత దొరకడానికి ఏళ్లు పట్టింది. చివరికి ప్రకటన చిత్రాల వ్యాపారంలో ఉన్న బ్లేజ్ సంస్థ ముందుకొచ్చింది. కథ పెద్దదేమీ కాదు. దొర కొడుకు సూర్య పొలం చూసుకోవడానికి పల్లెకొస్తాడు. ఇంట్లో పనిచేసే దళిత స్త్రీ లక్ష్మితో సంబంధం పెట్టుకుంటాడు, ఆమె గర్భవతి కాగానే భయపడి ముఖం చాటేస్తాడు.

లక్ష్మి భర్త కిష్టయ్య కుండలు చేసే మూగ, చెవిటివాడు. కల్లు దొంగిలించాడని అతనికి గుండు గీసి గాడిద మీద ఊరేగిస్తారు. అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగిన మనిషికి రచయిత ఒక్క సంభాషణ కూడా ఇవ్వలేదు! అతని తరఫున ఎవరో ఉపన్యాసం చెప్పే అవకాశమూ ఉంచలేదు. చివర్లో సూర్య కిష్టయ్యను కొరడాతో కొడతాడు, లక్ష్మి నోరు తెరిచి శపిస్తుంది, ఒక పిల్లవాడు సూర్య ఇంటి కిటికీ మీదికి రాయి విసిరి పారిపోతాడు. తీర్పు చెప్పే సన్నివేశం లేదు. అప్పటిదాకా పేరుకున్న కోపం ఆ రాయిలోంచే బయటపడుతుంది.

అలా మాట ఆపుకోవడం ఒక బలమైతే, రెండో బలం భాష. హిందీ సినిమాలో దక్కనీ యాస అంటే అప్పట్లో హాస్యనటుడు మెహమూద్ నవ్వులే గుర్తుకొచ్చేవి. ‘అంకుర్’లో సత్యదేవ్ దూబే సంభాషణలతో అదే యాసలో ఆకలి, మోహం, అవమానం పలికాయి. లక్ష్మిగా షబానా ఆజ్మీకి, కిష్టయ్యగా సాధు మెహెర్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి. 1983లో ‘మండీ’, 2010లో విడుదలైన ‘వెల్ డన్ అబ్బా’ కూడా హైదరాబాద్ పలుకుబడిని నమ్ముకున్నవే. రెండో సినిమాకు మూలమైన కథల్లో ఒకటి మన హైదరాబాద్ ఉర్దూ రచయిత్రి జీలానీ బానోది.

బెనెగళ్ ఒంటరిగా రాయాలని పట్టుబట్టే మనిషి కాదు. తెలంగాణ దొరల దౌర్జన్యం మీద తీసిన ‘నిశాంత్’ (1975)కు నాటక రచయిత విజయ్ తెందూల్కర్ స్క్రీన్‌ప్లే రాశారు. రచయిత్రి షమా జైదీతో బెనెగళ్ జోడీ దశాబ్దాల పాటు సాగింది. ఆ అలవాటే బుల్లితెర మీద అక్కరకొచ్చింది. 1988లో మొదలైన ‘భారత్ ఏక్ ఖోజ్’ నెహ్రూ పుస్తకం ఆధారంగా తీసిన 53 భాగాల ధారావాహిక. వేల ఏళ్ల చరిత్ర చెదిరిపోకుండా నెహ్రూ పాత్రనే సూత్రధారిగా నిలబెట్టారు. 2014లో ‘సంవిధాన్’ కోసం రాజ్యాంగ సభ చర్చల్ని షమా జైదీ, అతుల్ తివారీ పది భాగాల్లోకి మలిచారు. అక్కడ కథనాన్ని నడిపింది వాదోపవాదాలే.

తెలుగు తెరకు ఈ పాఠం అవసరం. తెలంగాణ మాటను చాలాకాలం హాస్యగాళ్లకు, రౌడీలకు వదిలేశాం. ‘మా భూమి’ లాంటి సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వచ్చాయి. ‘బలగం’ (2023) ఆదరణ చూశాక, ఆ యాసలో ఏడుపూ ప్రేమా పలుకుతాయని ఇక ఎవరికీ రుజువు చూపించనక్కర్లేదు. హైదరాబాద్‌లో స్క్రిప్టు రాయడం నేర్చుకునే పిల్లలకు ‘అంకుర్’ను ఒక్కో సన్నివేశంగా విప్పి చూపిస్తే, ఎక్కడ మాట రాయాలో, ఎక్కడ కలం ఆపాలో తమ ఊరి కథతోనే తెలుస్తుంది.