ఎవరి మనుగడ? ఎవరి విలీనం?

ఉపగ్రహం ద్వారా ఇళ్ళకు నేరుగా టెలివిజన్ ప్రసారాలు అందించే కంపెనీల భవిష్యత్తును గురించి కొంతకాలంగా పత్రికలలో విస్తారంగా రాస్తున్నారు. ఫలానా సంస్థ బతికి బట్టకడుతుందా, ఫలానా దానిలో కలిసిపోతుందా, కలిస్తే ఎవరి చేతికి ఎన్ని వాటాలు వస్తాయి అన్న ఊహాగానాలు పుంఖానుపుంఖంగా వెలువడుతున్నాయి. సాహిత్య విమర్శకు ఈ రాతలతో ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని వున్నదనే నా అభిప్రాయం. లక్షలమంది చదివే రచన ఏదైనా సరే, దానికొక వస్తువున్నది, పాత్రలున్నాయి, దృక్పథమున్నది. నవలలో జమీందారు ఎలా చిత్రితుడైనాడో, రైతు ఎలా చిత్రితుడైనాడో పరీక్షించే విమర్శకుడు, వ్యాపార వార్తలో కంపెనీ ఎలా చిత్రితమైనదో, చందాదారు ఎలా చిత్రితుడైనాడో చూడకుండా వదిలివేయటానికి తగిన కారణం నాకు కనిపించదు.

ముందు సంగతులు చూద్దాం. మన దేశంలో ఈ రకం ప్రసారాన్ని 1997లో ప్రభుత్వం నిషేధించింది. 2001 మార్చిలో మార్గదర్శకాలు విడుదల చేసి అనుమతించింది. 2003లో డిష్ టీవీ, 2006లో టాటా స్కై, ఆ తర్వాత రెండు మూడేళ్ళలో సన్ డైరెక్ట్, రిలయన్స్, ఎయిర్‌టెల్, వీడియోకాన్ వచ్చాయి. ఆరు ప్రైవేటు కంపెనీలు పోటీపడి మన డాబాల మీద పళ్ళేలు బిగించాయి. 2016 నవంబరులో డిష్ టీవీ, వీడియోకాన్ డీటూహెచ్ కలిసిపోతున్నట్లు ప్రకటించాయి. 2018 మార్చిలో ఆ కలయిక పూర్తయింది. దేశంలోకెల్లా పెద్ద సంస్థ పుట్టిందని పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. రిలయన్స్ వారు ఆ రోజుల్లోనే ఈ వ్యాపారాన్ని ఇతరులకు అప్పగించి తప్పుకున్నారు. ఆరు పోయి నాలుగు మిగిలాయి.

ఆ పెద్ద సంస్థ గతి ఏమైంది? అప్పులు, వాటాలను తాకట్టు పట్టిన యెస్ బ్యాంకుతో యాజమాన్యం తగాదా, లైసెన్సు రుసుము వివాదం, జారిపోతున్న చందాదారులు. ఏడేళ్ళు తిరిగేసరికి, మొదటి స్థానంలో వుండవలసిన సంస్థ మొత్తం చందాదారులలో సుమారు ఐదోవంతు దగ్గర నిలబడింది. కష్టం దానిదొక్కదానిదే కాదు. ట్రాయ్ లెక్కల ప్రకారం, 2020 చివర దాదాపు 7 కోట్లుగా వున్న చందా కట్టే ఇళ్ళు 2024 మార్చినాటికి 6.2 కోట్లకు, 2025 మార్చినాటికి 5.7 కోట్లకు దిగాయి. 2025 ఫిబ్రవరిలో ఎయిర్‌టెల్, టాటా ప్లే కలయికను గురించి చర్చలు నడుస్తున్నాయని ఆ సంస్థలే ఒప్పుకున్నాయి. మే నెలలో, ఉభయులకూ సంతృప్తికరమైన పరిష్కారం కుదరలేదని చెప్పి విరమించుకున్నాయి. దానితో పత్రికలకు మళ్ళీ పని దొరికింది: ఇక మిగిలిన జతలు ఏవి?

ఈ వార్తలను కథగా చదివితే నిర్మాణం స్పష్టంగా తెలుస్తుంది. కథానాయకుడు కంపెనీ. అతనికి ప్రాణాపాయం వచ్చింది. ప్రతినాయకుడు ఇంటర్నెట్టు. ఆపద్బాంధవుడు మరో కంపెనీ. పెళ్ళి కుదురుతుందా లేదా అన్నది ఉత్కంఠ. ముగింపులో వాటాల ధర పెరిగితే సుఖాంతం, తగ్గితే దుఃఖాంతం. ఈ కథలో జనం లేరా అంటే, వున్నారు, సంఖ్యలుగా వున్నారు. కోటిన్నర, రెండు కోట్లు అని వారిని లెక్కవేసి, తలకింత అని వెలకట్టి, ఒక యజమాని ఖాతా నుంచి మరో యజమాని ఖాతాలోకి మారుస్తారు. పూర్వం భూమి అమ్మకపు దస్తావేజులలో చెట్లు, బావులు, పశువుల కొట్టం కలిపి రాసేవారు. ఈ దస్తావేజులలో ప్రేక్షకుల స్థానం అదే.

‘విలీనం’ అన్న మాటను మన పత్రికలు ఎంత తేలికగా వాడుతున్నాయో గమనించండి. తెలంగాణ విద్యార్థికి ఇది పాత మాట. 1948 సెప్టెంబరు 17ను విలీనమనాలా, విమోచన అనాలా, విద్రోహమనాలా అని ఇక్కడ ఏటేటా వాదం నడుస్తుంది. ఆ వాదంలో ఎవరి పక్షం ఎలా వున్నా, అందరూ ఒక సత్యం ఒప్పుకుంటారు: ఎవరు ఎవరిలో కలిశారు, ఏ షరతుల మీద కలిశారు, కలిసినప్పుడు కింది వారికి ఏం దక్కింది అని అడగకుండా ఆ మాట వాడరాదు. 2019 అక్టోబరు, నవంబరు నెలలలో 52 రోజులు సమ్మె చేసిన ఆర్టీసీ కార్మికులు కోరింది కూడా విలీనమే. దిల్‌సుఖ్‌నగర్ డిపో గేటు ముందు ఆ మాటకు అర్థం ఉద్యోగ భద్రత. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు పెద్ద బ్యాంకులలో కలిసినప్పుడు ఆ మాటకు అర్థం మన ఊళ్ళ పేర్లున్న బోర్డులు దిగిపోవటం. ఒకే మాట, మూడు అర్థాలు. కార్మికుడి నోట అది హక్కు, పాలకుడి నోట అది ఆజ్ఞ, వాటాదారు నోట అది బేరం. మూడింటినీ ఒకే గుడ్డతో కప్పే రచనను విమర్శకుడు విప్పి చూపించాలి.

‘మనుగడ’ కూడా అటువంటి మాటే. ఎవరి మనుగడ అన్న ప్రశ్నకు జవాబు వాణిజ్య పుటలలో దొరకదు. దానికోసం నేను నిత్యం తిరిగే ప్రాంతానికే మిమ్మల్ని తీసుకుపోతాను. చైతన్యపురి నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ కూడలి వరకు మెట్రో రైలులో కూర్చుంటే రెండు వైపులా మేడల మీది కప్పులు కళ్ళ ఎత్తున కనిపిస్తాయి. నీళ్ళ ట్యాంకులు, ఆరవేసిన బట్టలు, వాటి మధ్య గోడకు బిగించిన పళ్ళేలు. కొన్ని కొత్తవి. చాలావాటికి తుప్పుపట్టింది, తీగ తెగి వేలాడుతున్నది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ రోడ్డు వెంట వచ్చి స్థిరపడిన కుటుంబాలు, సాగర్ రోడ్డు వెంట వచ్చిన కుటుంబాలు, పరీక్షలకు చదువుకునే పిల్లలు కిక్కిరిసిన హాస్టళ్ళు ఇక్కడి జీవితం. హాస్టల్ పిల్లవాడు తన ఫోనులోనే లోకమంతా చూస్తున్నాడు. వాడికి పళ్ళెంతో పని లేదు. కాని అదే వీధిలో కింది వాటాలో వుండే ముసలమ్మకు, ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టే ఆవిడకు, రాత్రి కాపలాకు పోయి పగలు ఇంట వుండే మనిషికి, టీవీ యే తోడు. వారు నెలకోసారి సెల్‌ఫోన్ దుకాణానికి వెళ్ళి రీఛార్జి చేయించుకుంటారు. డబ్బు కుదరని నెల తెర మీద నోటీసు వస్తుంది. వార్తాపత్రిక భాషలో వీరు ‘నిష్క్రియ చందాదారులు’ అవుతారు.

మా వీధిలో పళ్ళేలు బిగించే కుర్రవాడిని పని ఎలా వున్నదని అడిగాను. “ఇప్పుడు పెట్టుడు తక్కువ, తీసుడు ఎక్కువ సార్. తీసినదానికి పైసలు ఎవలిస్తరు?” అన్నాడు. ఇతనికి జీతం లేదు, బిగించిన పళ్ళేనికి ఇంత అని ముడుతుంది. ఇతను ఏ కంపెనీ ఉద్యోగుల పట్టికలోనూ లేడు. కనుక ఏ విలీన ఒప్పందంలోనూ ఇతని పేరు రాదు. ఒక పరిశ్రమ చచ్చిపోతున్నదని రాసేవారు ఇతనిని ఒక్క వాక్యంలోనైనా తలవరు. ఏ కథలో పనిచేసేవాడు కనపడడో ఆ కథ ఎవరి కోసం రాసిందో వేరే చెప్పాలా?

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ ఊహాగానాలన్నీ ఒక విషయాన్ని నిర్వివాదమని భావించి మొదలవుతాయి: ఉపగ్రహ ప్రసారం ప్రైవేటు ఆస్తి అని. చరిత్ర అలా చెప్పటం లేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం, బడిపిల్లల పాఠాలు ఆ కార్యక్రమాలలో వస్తువు. ఆ ప్రయోగంలో లోపాలు లేకపోలేదు. అది అత్యవసర పరిస్థితి కాలమని, పైనుంచి కిందికి బోధించే ధోరణి అందులో వుండి వుంటుందని మనం మరవరాదు. అయినా ఉపగ్రహం మన పల్లెకు మొదట వచ్చింది ప్రజావసరం పేర. రెండు దశాబ్దాల తర్వాత, 1995 ఫిబ్రవరిలో, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చిన సంవత్సరమే తెలుగులో జెమిని, ఈటీవీ మొదలైనాయి. ప్రజల ఆస్తి అన్న మాట తీర్పులో మిగిలింది, ఆస్తి మీది రాబడి వేరే చోటికి పోయింది.

ఎంత వేరే చోటికో చూడండి. 2002లో తెలుగు పెట్టుబడితో మొదలైన మాటీవీని 2015లో స్టార్ కొన్నది. 2024 నవంబరులో ఆ స్టార్ రిలయన్స్‌తో కలిసి ఒకే సంస్థ అయింది. ఆ రిలయన్స్‌కే ఇంటింటికీ ఇంటర్నెట్టు తీగ వేసే వ్యాపారం వున్నది. ఎయిర్‌టెల్‌కూ వున్నది. పళ్ళెం పోయి తీగ వచ్చిందని, ఇది సాంకేతిక ప్రగతి అని, దీనికి విచారించటం ఎడ్లబండి కోసం ఏడవటమేనని కొందరంటారు. సాంకేతిక ప్రగతిని నేను కాదనను. కాని పళ్ళెం వదిలిన చందాదారు ఎక్కడికి పోతున్నాడు? తరచు అదే యజమాని వేసిన తీగ దగ్గరికి. బండి మారినా కిరాయి వసూలు చేసే చెయ్యి మారటం లేదు. పైగా కార్యక్రమం తయారుచేసేవాడు, దాన్ని ఇంటికి మోసేవాడు ఒకడే అయితే, ఏది చూడాలో, ఎంత చెల్లించాలో నిర్ణయించేవాడు కూడా ఒకడే అవుతాడు.

మన శిబిరంలోనే మరొక వాదం వినపడుతుంది. టెలివిజన్ మత్తుమందు వంటిది, అత్తాకోడళ్ళ సీరియళ్ళు, జాతకాలు తప్ప అందులో ఏమున్నది, ఆ కంపెనీలు మునిగితే మనకేం నష్టం అని. ఈ వాదంలో కోపం వున్నది, ఆలోచన లేదు. పత్రికలు భూస్వాముల చేతిలో వున్నాయని మనవారు చదువు మానుకొమ్మన్నారా? రాత్రి బడులు పెట్టారు. సినిమా వ్యాపారుల చేతిలో వున్నదని ప్రేక్షకుడిని తిట్టారా? ప్రజానాట్యమండలి కళాకారులు బుర్రకథతో పల్లెలకు పోయారు, వారిలో కొందరు సినిమాలోకీ పోయారు. సాధనాన్ని ద్వేషించటం సులభం. దాని మీద హక్కు అడగటం కష్టం. మనకు కావలసింది రెండోది.

ఆ హక్కు అడగటానికి ఆధారాలు ఇప్పటికే వున్నాయి. ఒక కంపెనీ పెట్టె మరో కంపెనీ ప్రసారానికి పనిచేసేటట్లు వుండాలని 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ సిఫార్సు చేసింది. అది అమలై వుంటే, కంపెనీ మునిగినా, కలిసినా, ముసలమ్మ కొన్న పెట్టె చెత్తబుట్టలో పడనవసరం లేదు. కంపెనీల కోరికలకు ఇంత ఆలస్యం జరగదు. అదే 2020 డిసెంబరులో కేంద్రప్రభుత్వం వారి లైసెన్సు గడువును 20 ఏళ్ళు చేసి, రుసుమును పది శాతం నుంచి ఎనిమిది శాతానికి తగ్గించింది. ఇక 2004లో దూరదర్శన్ ప్రారంభించిన చందా లేని సర్వీసు వున్నది. నేడు దానిని ఫ్రీ డిష్ అంటున్నారు. ప్రైవేటు కంపెనీల సంఖ్య తరుగుతున్న కాలంలో కోట్ల ఇళ్ళకు అదే ఆధారం. కాని అందులో ప్రైవేటు ఛానళ్ళ స్థానాలను వేలం వేస్తారు. వేలంలో హిందీ మార్కెట్టుదే పైచేయి. యాదగిరి, సప్తగిరి వంటి దూరదర్శన్ ఛానళ్ళు తప్ప తెలుగువాడికి అందులో దొరికేది బహు స్వల్పం. బీహారు పల్లెలోని పేదవానికి ఉచితంగా దొరికే వినోదం కొత్తపేట పేదవానికి తన భాషలో డబ్బు పెడితేగాని దొరకదు. భాషా ప్రశ్నకూ కూటి ప్రశ్నకూ సంబంధం లేదనేవారు ఈ ఒక్క ఉదాహరణను గురించి ఆలోచించాలి.

కాబట్టి తర్వాతి విలీన వార్త వచ్చినప్పుడు, అది తప్పక వస్తుంది, మన విద్యార్థులు దానిని నాలుగు ప్రశ్నలతో చదవాలని కోరుతున్నాను. పళ్ళెం బిగించేవాడికి ఏం దక్కుతుంది? చందాదారు కొన్న పెట్టె పనిచేస్తుందా? తెలుగు ప్రసారాల ధర ఎవరు నిర్ణయిస్తారు? ప్రజల ఆస్తి అయిన తరంగాలకు ప్రజలకు వచ్చేదెంత? ఈ నాలుగింటికీ జవాబులేని వార్త ఎంత వివరంగా వున్నా అసంపూర్ణ రచన. 2018 నాటి విలీనం సంస్థను పెద్దది చేసింది గాని బతికించలేకపోయిందని మన కళ్ళెదుటే తేలింది. యజమానులు ఎవరిలో ఎవరు కలిసినా ప్రశ్న అక్కడే వుంటుంది. దానిని అడగవలసినవారు వాటాదారులు కారు.