మామ పుట్టి, మామ వల

ఆళ్లగడ్డలో రాయి చెక్కే నా మిత్రులు అమావాస్య నాడు ఉలి పట్టరు. ముందు రోజు మధ్యాహ్నానికే పని కట్టేసి, రెప్పల మీది రాతిపొడైనా కడుక్కోకుండా నంద్యాల మీదుగా వెలుగోడు చేరతారు. నీళ్ల అంచున బోర్లించిన పుట్టి పక్కన మా బెస్త మామ బీడీ కాలుస్తూ ఎదురుచూస్తుంటాడు. తెలుగుగంగ జలాశయం అది, 16.95 టీఎంసీలది. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చిన కృష్ణ నీళ్లు ఇక్కడ నిలిచి, మళ్లీ కాలువపట్టి ఆళ్లగడ్డ దిక్కుకే పోతాయి. "మా నీళ్లే కదా మామా" అంటూ ఎక్కుతారు మావాళ్లు.

మోటారు బోటు ఎంత ఖరీదైనదైనా పుట్టికి సాటి రాదు. వెదురును బద్దలుగా చీల్చి, నడిమి నుంచి అల్లుకుంటూ పోయి, అంచుకు బద్దల కట్ట చుట్టి బిగిస్తారు. ఒకప్పుడు దాని మీద తోలు కప్పేవాళ్లు, ఇప్పుడు పట్టా వేసి తారు పూస్తున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ గుండ్రటి పడవల్లో పదిహేను, ఇరవై మంది తుంగభద్ర దాటడం గురించి రాశాడు. ఇవి తిన్నగా పోవు, తిరుగుతూనే ఉంటాయని కూడా రాశాడు. మా మామ తెడ్డు చూసి ఉంటే ఆ మాట రాసేవాడు కాదు.

పుట్టికి ముందూ వెనకా లేవు. పక్కన తెడ్డేస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మామ పోయే దిక్కుకే ముఖం పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ముందు దించుతాడు. ఒకసారి కుడివాలుగా, ఒకసారి ఎడమవాలుగా నీళ్లను తనవైపు తెచ్చుకుంటాడు. "అబ్బీ, నీళ్లను కొట్టద్దు, లాగల్ల" అంటాడు. చప్పుడే ఉండదు. జానెడు లోతులో కూడా చేప బెదరకుండా పోతాం.

ఇక విసురు వల. దాని తాడు ఎడమ మణికట్టుకు వేసుకుని, సగం వల మోచేతి మీద మడతపెట్టి, గుళ్ల అంచు ఒక కొస పళ్లతో పట్టుకుంటాడు. నడుము ఒక్కసారి తిప్పి వదిలితే వల గాలిలో పళ్లెంలా విచ్చుకుంటుంది, గుళ్లన్నీ ఒకేసారి నీళ్లను తాకుతాయి. గట్టు మీద నిలబడి వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఊగే పుట్టిలో నిలబడి, అది పక్కకు వాలకుండా వేసినవాణ్ణి నేను ఈయనొక్కణ్ణే చూశాను. ముప్పై ఏళ్లుగా విగ్రహాలకు కళ్లు తెరుస్తున్న నా మిత్రుడు ఆ విసురు చూసి చేతులు జోడించాడు. "ఉలి దెబ్బ ఇట్లాంటిదే అన్నా. వదిలినాక దిద్దుకునేదానికి ఉండదు" అన్నాడు.

చీకటి పడ్డాక కట్టు వల వేస్తాం. వెన్నెల్లో చేపకు నైలాను దారం కనబడుతుందట, అందుకే ఈ రాత్రులే మంచివంటాడు మామ. దొరికిన జిలేబి, బొచ్చె గట్టు మీదే పులుసవుతాయి. మిత్రులు మూటల్లో తెచ్చిన జొన్నరొట్టెలు ఉండనే ఉంటాయి.

నా కడుపు మండేది అలివి వలల గురించి. దోమతెరంత సన్నటి కన్నులతో, వేలెడు పిల్లలను కూడా మిగల్చకుండా ఊడ్చేసే వలలవి. శ్రీశైలం జలాశయంలో వాటి ఆగడం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అది వేట కాదు, వచ్చే ఏటి చేపను ఈ ఏడే చంపడం. మామ వల కన్నులో రెండు వేళ్లు దూరతాయి, పిల్ల చేప దానంతటదే జారిపోతుంది. పుట్టికి బదులు థర్మాకోల్ అట్టల మీద కూర్చుని పోయేవాళ్లనూ చూస్తున్నాను. గాలి లేస్తే అది మనిషినీ కాయదు, ముక్కలై నీళ్లనూ వదలదు. రాతిపనిలోనూ ఇదే గోడు. మిషన్ కోసిన ముఖానికి పాలిష్ పెట్టి శిల్పమంటున్నారు, కొనేవాళ్లూ చౌకని కొంటున్నారు. అయ్యా, కొనేటప్పుడు ఒక్కసారి చెయ్యి పెట్టి తడిమి చూడండి. చేప కొనేటప్పుడు పిల్లను వద్దనండి.

మామ కొడుకులు బెంగళూరులో ఉన్నారు, పుట్టి అల్లడం ఇద్దరికీ రాదు. ఈసారి పుట్టి అడుగున తారు పగిలింది, కొత్తది అల్లాలి. వెదుళ్లు తెచ్చి నానబెట్టాడు. వచ్చే అమావాస్యకు బద్దలు చీలుస్తానన్నాడు. చీల్చే కత్తికి తనే సాన పట్టి తెస్తానని మా శిల్పి మాటిచ్చాడు.