గాలి నిలిస్తే చాలదు

ట్రాక్టరు టైరులో మేకు దిగితే రైతు పెద్దగా కంగారు పడడు. ట్యూబు తీయించి, ప్యాచ్ వేయించి, పూట గడవకముందే మళ్లీ దుక్కికి పోతాడు. రాతి అంచుకో, కోసిన పత్తి మోడుకో, గట్టున పాతిన ఇనుప కమ్మీకో ఒరుసుకుని టైరు పక్క చీలినప్పుడే చిక్కు. అమ్మేవాళ్లు ఇక అది పనికిరాదంటారు. ఊళ్లోవాళ్లు లోపల పాత టైరు ముక్క వేసి కుట్టుకుంటే ఇంకో రెండు పంటలు లాగుతుందంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, రెండూ అసలు ప్రశ్నను వదిలేస్తున్నాయి. ఇంటి దగ్గర సైడ్‌వాల్ బాగుచేసుకోవడాన్ని నేను సమర్థిస్తాను. ఓపికా, చేతి నేర్పూ కావలసిన పని అది, గౌరవించదగ్గ పని. అయితే ఆ రిపేరు నమ్మదగినదా అన్నది గాలి నిలిచిందో లేదో చూసి తేల్చేయడం పొరపాటు. ఆ టైరు ఇకమీదట ఎంత వేగంతో, ఎంత బరువు కింద, ఎవరిని మోస్తూ తిరగబోతోందో తెలిస్తేనే చెప్పగలం.

టైరులో కంటికి కనబడేది రబ్బరు. బరువు మోసేవి మాత్రం లోపలి దారాలు. రిమ్మును కరిచిపట్టుకునే ఒక బీడు నుంచి ఎదుటి బీడు దాకా నైలాన్ లేదా పాలిస్టర్ దారాలు పొరలుగా పరిచి ఉంటాయి. ప్లై అనేది ఈ పొరనే. గాలి నిండగానే ఆ దారాలు బిగుసుకుంటాయి, ఆ బిగువు మీదే బండి నిలబడుతుంది. రబ్బరు దారాలను ఒకదానికొకటి అంటించి పెడుతుంది, తేమ నుంచీ రాపిడి నుంచీ కాపాడుతుంది. నులక మంచంలో నాలుగు పేట్లు తెగిన చోట మందపాటి బొంత పరిస్తే కంత కనబడదు గానీ, కూర్చున్నవాడి బరువు మిగిలిన నులక మీదే పడుతుంది. దారాలు తెగిన సైడ్‌వాల్‌కు ఉత్త రబ్బరు ముక్క అంటించడమూ అంతే. నేలను తాకే ట్రెడ్ భాగంలో రబ్బరు మందంగా ఉంటుంది, వంగుడు తక్కువ. రేడియల్ టైర్లకైతే అక్కడ ఉక్కు బెల్టులు కూడా ఉంటాయి. అందుకే మేకు కన్నం అంత తేలిగ్గా పూడుతుంది. సైడ్‌వాల్ పలచనిది, చక్రం తిరిగిన ప్రతిసారీ అన్నిటికంటే ఎక్కువ వంగి లేచేదీ అదే.

కాబట్టి చీలిక ఎంత పొడవుందని అడిగే ముందు అది ఎటు సాగిందో, ఎంత లోతు దిగిందో చూడాలి. 1946లో మిషెలిన్ కంపెనీ పేటెంట్ తీసుకున్న రేడియల్ టైరు ఇప్పుడు దాదాపు జీపులన్నిటికీ వచ్చేసింది. అందులో దారాలు బీడు నుంచి బీడుకు నిలువుగా సాగుతాయి. చక్రం చుట్టుకొలత వెంబడి 5 సెంటీమీటర్ల చీలిక లోతుగా దిగితే ఆ మేర దారాలన్నీ తెగినట్టే. అదే పొడవు చీలిక రిమ్ము నుంచి ట్రెడ్ వైపు సాగితే దారాల సందున జారిపోయి ఒకటి రెండింటితో సరిపెట్టవచ్చు. మన ట్రాక్టర్లకు ఎక్కువగా ఉండే బయాస్ టైర్లలో దారాలు ఏటవాలుగా, ఒక పొర ఇటు, ఒక పొర అటు పరుచుకుంటాయి. ఎటు కోసినా కొన్ని తెగుతాయి, కానీ అడుగు పొరలు నిలిస్తే అవి భారం పంచుకుంటాయి. దారం దాకా దిగని గాటైతే శుభ్రం చేసి, రబ్బరు నింపి, తేమ దిగకుండా చూసుకుంటే చాలు. ఇంటి రిపేర్లలో నేను సందేహం లేకుండా మంచిదనగలిగింది ఈ ఒక్కటే.

దారాలు తెగిన సందర్భానికి లెక్క వేరు, ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. 75 సెంటీమీటర్ల ఎత్తున్న జీపు టైరు కిలోమీటరుకు దాదాపు 425 చుట్లు తిరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే చీలిన ఆ చోటు గంటలో పాతికవేల సార్లు నలుగుతుంది. మన దగ్గర బాగా వాడే 13.6-28 సైజు ట్రాక్టరు వెనక టైరు ఎత్తు సుమారు 1.3 మీటర్లు. దుక్కిలో గంటకు 5 కిలోమీటర్లు నడిస్తే నలిగేది పన్నెండు వందల సార్లే. గాలి ఒత్తిడి చూసినా ఇదే తేడా. జీపు టైరులో 30 పీఎస్‌ఐ దాటి ఉంటుంది, పొలంలో ట్రాక్టరు వెనక టైరుకు అందులో సగం సరిపోతుంది. ఒత్తిడి రెట్టింపైతే అదే టైరులో దారం మీద లాగుడూ రెట్టింపవుతుంది. పైగా నలిగిన ప్రతిసారీ రబ్బరు వేడెక్కుతుంది. నెమ్మదిగా పోయే టైరు ఆ వేడిని గాలికి వదిలేస్తుంది, వేగంగా పోయేదానికి ఆ వ్యవధి ఉండదు. అంటించిన జిగురు పట్టు సడలేది ఆ వేడికే.

అమెరికాలో మోయాబ్ ఇసుకరాళ్ల మీద, కాలిఫోర్నియాలోని రూబికాన్ దారిలో గ్రానైట్ బండల మీద బండ్లు తిప్పేవాళ్ల అనుభవాన్నీ ఈ వెలుగులోనే చూడాలి. పట్టు కోసం వాళ్లు టైర్లలో గాలి బాగా దించుతారు. అప్పుడు సైడ్‌వాల్ బయటికి ఉబ్బి రాళ్లకు అడ్డంగా దొరుకుతుంది, చీలుతుంది. జిగట పట్టించిన తాళ్లను చీలికలో వరసగా కూరి బయటపడతారు. నాలుగు చక్రాల చిన్న ఏటీవీల టైర్లనైతే ఇంటికి తెచ్చి గట్టి దారంతో కుట్టి, లోపల ప్యాచ్ వేసి మళ్లీ వాడతారు. అది నిలుస్తుంది, ఎందుకంటే ఆ టైర్లలో ఉండేది 5 పీఎస్‌ఐ అటూఇటూ గాలి, రాళ్ల దారిలో వేగమూ తక్కువే. కుట్టు గొప్పదనం అందులో కొంచెమే. నా అంచనాలో ఆ రిపేరంతటిలో బలహీనమైన అంశం కుట్టే. సూది దింపిన ప్రతి రంధ్రమూ రబ్బరులో కొత్త చీలికకు మొదలు, టైరు వంగిన ప్రతిసారీ కుట్టుదారం ఆ రంధ్రపు అంచును కోస్తుంది. చీలిక నోరు తెరుచుకోకుండా పట్టి ఉంచడం వరకే దాని పాత్ర.

బలమంతా లోపలి ప్యాచ్‌లో ఉంది, అక్కడే ఇంటి పనివాళ్లు తొందరపడతారు. టైరు పూర్తిగా విప్పి లోపల చూడాలి. బయట అంగుళం కనబడిన చీలిక లోపల రెండు అంగుళాలు ఉండవచ్చు. వేలాడే దారపు కొసలు కోసేయాలి. లోపలి నున్నటి పొరను గరుకుగా రుద్దితే తప్ప జిగురు సొల్యూషన్ పట్టదు, మరీ వేగంగా గ్రైండర్ తిప్పితే రబ్బరు మాడి అదీ పట్టదు. సొల్యూషన్ పూశాక వేలికి జిగటగా తగిలేదాకా ఆరనివ్వాలి, తడి మీద అంటించకూడదు. ప్యాచ్‌లో దారాలుండాలి, దాని మీది బాణం గుర్తులు బీడు వైపు తిరిగి ఉండాలి, మధ్య నుంచి అంచులకు రోలరుతో గట్టిగా ఒత్తాలి. ప్యాచ్‌కు బదులు పాత టైరు ముక్క వేసేవాళ్లు దాని అంచులను పలచగా చెక్కకపోతే అదే ట్యూబును కొరుకుతుంది. ఇంత చేసినా ఇంట్లో లేనివి రెండున్నాయి: వేడి, ఒత్తిడి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపిన రబ్బరును వేడి చేసి కనుక్కున్న వల్కనైజింగ్ పద్ధతినే షాపువాడు అచ్చులో బిగించి, 140 డిగ్రీలకు పైగా కాచి చేస్తాడు. అక్కడ కొత్త రబ్బరు పాత రబ్బరుతో ఏకమవుతుంది. చల్లగా అంటించినదానికి అంత పట్టు రాదు.

సైడ్‌వాల్ రిపేరు వద్దని కంపెనీలు చెప్పేది కొత్త టైర్లు అమ్ముకోవడానికేనని చాలామంది అనుమానం. లాభం వాళ్లకుందన్నది నిజమే. అమెరికా టైర్ల పరిశ్రమ కార్ల టైర్లకు పెట్టుకున్న పద్ధతి ప్రకారం ట్రెడ్‌లో 6 మిల్లీమీటర్ల లోపు కన్నాన్ని మాత్రమే పూడ్చాలి, పక్కలను ముట్టుకోకూడదు. కానీ అదే పరిశ్రమ ట్రాక్టర్లు, గనుల్లో తిరిగే యంత్రాల టైర్ల సైడ్‌వాల్‌కు దారాలున్న ప్యాచ్‌లు తయారుచేసి, ఏ సైజు గాయానికి ఏ ప్యాచ్ వేయాలో పట్టికలతో సహా అమ్ముతోంది. అమ్మకాల ఆశే కారణమైతే అక్కడా వద్దనేవారు. ఒకచోట వద్దని, ఇంకోచోట సరేనని అన్నారంటే తేడా వేగంలో, వాడకంలో ఉందనే కదా.

కుట్టిన టైరుతో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు ఉన్నారన్నది ఇంకో వాదన. ఉన్నారు, కాదనను. మధ్యలో పగిలిన టైరు మాత్రం చెత్తకుప్పలోకి పోతుంది, దాని కథ చెప్పుకునేవాళ్లు తక్కువ. పైగా తెగిన దారాల పక్కనున్నవి ఒక్క రోజులో తెగవు. అదనపు లాగుడుకు నెలల పాటు అలసి, ఒకటి పోగానే దాని వంతు పక్కదాని మీద పడుతూ, చివరికి ఒక్కసారిగా విచ్చుకుంటాయి. చాలాకాలం నిలిచిందన్నది ఇకముందు నిలుస్తుందనడానికి సాక్ష్యం కాలేదు. కంటికి దొరికే గుర్తు ఒకటుంది, ప్యాచ్ దగ్గర ఉబ్బు. ఆ ఉబ్బు కనబడిన టైరులో గాలి తీసేయాలి, మరో ప్యాచ్ గురించి ఆలోచించకూడదు. ఇంట్లో రిపేరు చేసి మొదటిసారి గాలి ఎక్కించేటప్పుడు కూడా సైడ్‌వాల్‌కు ఎదురుగా నిలబడకుండా, పొడవైన పైపుతో ట్రెడ్ వైపు దూరంగా ఉండి, కొంచెం కొంచెంగా ఎక్కించాలి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం డబ్బు. కొత్త వెనక టైరు ధర పంట చేతికి రాని ఏడాదిలో కౌలు రైతు భరించలేడు. అతనికి కొత్తది కొనుక్కో అనడం సలహా కాదు. దుక్కిలో, దమ్ములో, తన పొలం గట్ల మధ్య ఆ టైరును అతను నిక్షేపంగా వాడుకోవచ్చు. అది పగిలినా పోయేది టైరూ, ఒక పూట పనే. అయితే మన దేశంలో ట్రాక్టరు పొలంలోనే ఉండిపోదు. కోతలయ్యాక అదే ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి ధాన్యం బస్తాలు మార్కెట్ యార్డుకు, కూలీలను పక్క ఊరి చేలకు, పెళ్లివాళ్లను గుడికి తోలతారు. వేగం ఐదారు రెట్లు పెరుగుతుంది, ట్రాలీ బరువు కొంత వెనక చక్రాల మీదికి వస్తుంది, దారి తారు. పొలంలో నమ్మదగిన రిపేరు రోడ్డెక్కేసరికి నమ్మలేనిదవుతుంది. పొలంలో ఆ సాహసం యజమాని తనకోసం తాను చేసుకున్నది. ట్రాలీలో కూర్చున్న కూలీ ఆడవాళ్లనూ, ఎదురుగా బైకు మీద వచ్చేవాణ్నీ ఎవరూ అడగలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడా దారాలు బయటపడిన టైరును, ఉబ్బిన టైరును బాగున్నదిగా లెక్కించవు.

ముందు టైర్ల సంగతి ఇంకా తేలిక: బండిని తిప్పేవి అవే, గాలి ఎక్కువుండేదీ వాటిలోనే, కాబట్టి దారం తెగిన ముందు టైరుకు ఇంటి రిపేరు వద్దే వద్దు. వెనక టైరు విషయంలో రెండు ట్రాక్టర్లున్న ఇంట్లో చీలినదాన్ని పొలం ట్రాక్టరుకు మార్చి, పక్కన రంగుతో గుర్తు పెట్టుకోవచ్చు. జీపు టైరైతే ఎద్దుల టైరు బండికి వేసుకోవచ్చు, ఆ నడకకు అది చాలాకాలం మన్నుతుంది. ఒక్క ట్రాక్టరే ఉన్న రైతుకు ఈ మార్పిడి వీలుకాదు. ట్రాలీ కట్టక తప్పని అతను ఇంట్లో అంటించినదాన్ని కోతల దాకా పొలంలో వాడుకుని, రోడ్డెక్కే ముందు టైరును వల్కనైజింగ్ షాపుకు తీసుకుపోవాలి. గాయం పెద్దదని అక్కడ తిప్పి పంపితే, పక్కలు బాగున్న పాత టైరు ఒకటి వెతికి బిగించుకున్నాకే ట్రాలీ తగిలించాలి.