కొండరెడ్ల గ్రంథము – పోడును గూర్చి పునర్విచారము

కొండజాతుల ప్రసంగము వచ్చినప్పుడెల్ల మన సభలలో ఒక మాట తప్పక వినవచ్చును: వారు పోడు కొట్టి అడవులను పాడుచేయుచున్నారు, వారికి నాగలి యిచ్చి, చదువు చెప్పి, మైదానమునకు దింపవలెను. ఈ మాట పలుకువారికి సదుద్దేశము లేదని నేననను. కాని సాక్ష్యము వినకయే చెప్పిన తీర్పు ఇది. ఆ సాక్ష్యము కొంత యొక గ్రంథమున గలదు.

ఆస్ట్రియా దేశీయుడగు ఫ్యూరర్ హైమెండార్ఫ్ పండితుడు 1945లో ఆంగ్లమున ప్రకటించిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అనునది గోదావరి తీరమున పాపికొండలలో నివసించు కొండరెడ్లను గూర్చినది. హైదరాబాదు రాజ్యపు ఆదిమజాతులపై ఆయన వ్రాసిన సంపుటములలో రెండవది. 1943 నాటి చెంచుల గ్రంథము మొదటిది.

ఈ గ్రంథమునందలి ప్రధానగుణము, పోడును నేరముగా గాక వ్యవసాయముగా జూచుట. వేసవిలో చెట్లు నరకి, ఎండనిచ్చి, తొలకరికి ముందు కాల్చుదురు. నిట్టవాలున నాగలి సాగదు. సాగినను దున్నిన మన్ను వానలకు కొట్టుకొనిపోవును. కావున మొనదేలిన కఱ్ఱతో గుంటలు చేసి గింజలు వేయుదురు. జొన్న, సామ, కంది మున్నగునవి కలిసి పెరుగును. ఒకటి తప్పినను మఱియొకటి దక్కును. కొన్నియేండ్లు పండించి, అడవి మఱల ఎదుగుటకై ఆ నేలను విడిచి వేఱొక చోటికి పోవుదురు. మామిడి, చింత, ఇప్ప, జీలుగు వంటి తిండిపెట్టు చెట్లను కాపాడుకొందురు.

క్రొత్త మామిడిపండును దేవతకు నివేదింపక నోట బెట్టరు. దీనిని మూఢాచారమని మనము నవ్వుదుము. ఆచారము ఏల పుట్టినదో నేనెఱుగను. కాని పిందెలు దూయక కాయ ముదురువఱకు ఆగినచో టెంక మొలకెత్తునని ఎఱుగని రైతు లేడు. ఇక జీలుగుకల్లు మాట మద్యనిషేధాభిమానులకు రుచింపదు. అయినను గింజలు నిండుకొన్న నెలలలో అది విలాసము గాదు, ఆహారము. 1879 నాటి రంప పితూరీకి కల్లుపై విధించిన పన్ను ఒక కారణమగుట ఇందుచేతనే.

పోడు అడవిని ఎన్నడును చెఱుపదని చెప్పుటయు సత్యము కాదు. 1882 నాటి మద్రాసు అడవిచట్టము తరువాత రిజర్వులు విస్తరించినకొలది పోడునకు చోటు తగ్గినది. చోటు తగ్గిన నేలకు విశ్రాంతి తగ్గును. అడవి కోలుకొనకమునుపే గొడ్డలి పడును. అట్టి పోడు చెఱుపే. కాని ఆ దోషము కొండవాని యజ్ఞానముది కాదు. వాని విద్యకు ఆధారమగు విస్తీర్ణమును లాగికొన్న యేర్పాటుది. కలప వర్తకుల అప్పులలో చిక్కి రెడ్లు కూలివాండ్రైన తీరును గూడ హైమెండార్ఫ్ నిర్మొగమాటముగా వ్రాసెను.

గ్రంథమునకు లోపము లేకపోలేదు. రచయిత రెడ్లను ప్రేమించెను. కాని ఆయన ఆశ దయగల ప్రభుత్వోద్యోగిపై నిలిచినది. రెడ్డి ఇందు రక్షింపదగినవాడుగా కనబడునంతగా సలహా యడుగదగినవాడుగా కనబడడు. మన సంస్కర్తల లోపమును ఇదియే.

ఈ విచారము ఇప్పుడేల యందురేమో. 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడిన పోలవరము ఆనకట్టవలన ముంపునకు గురియగు పల్లెలలో కొండరెడ్ల పల్లెలు అనేకము గలవు. ఇంటికి బదులు ఇల్లు కట్టియీయవచ్చును. ఏ వాలున ఏ గింజ నిలుచునో, ఏ దుంప ఏ నెలలో త్రవ్వవలెనో యెఱిగిన తెలివికి బదులేమి యిత్తుము? 2006 నాటి అటవీహక్కుల చట్టము జీవవైవిధ్యమునకు సంబంధించిన సంప్రదాయ జ్ఞానముపై ఆ సమాజములకు హక్కు గలదని యొప్పుకొన్నది. అడవినుండి వేఱుచేయబడినవాడు ఆ జ్ఞానమును బిడ్డలకెట్లు నేర్పును?

కావున ఈ గ్రంథమును చదువుడని కోరుచున్నాను, చదివి ఊరకుండవలదు. దీనిని తెలుగున ఆ కొండపల్లెల పెద్దలకు వినిపింపవలెను. తప్పొప్పులు వారు చెప్పగా మనము వ్రాసికొనవలెను. సంస్కరణ ప్రారంభింపవలసినది అచ్చట.