అరువు కార్యదర్శి

ప్రభుత్వం చేసే పనిని ప్రభుత్వానికి వెలుపల నిలబడి పరిశీలించడానికి రాజ్యాంగమో చట్టమో ఏర్పరచిన వ్యవస్థలను స్థూలంగా పర్యవేక్షక సంస్థలు అనవచ్చు. సమాచార కమిషన్లు, మానవ హక్కుల కమిషన్లు, లోక్‌పాల్, ఎన్నికల సంఘాలు, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కార్యాలయం ఈ కోవలోకి వస్తాయి. వీటి అధ్యక్ష స్థానంలోకి ఎవరు వచ్చారన్నది పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది, ఎంపిక కమిటీలో ఎవరు విభేదించారన్నది చర్చకు వస్తుంది, కొన్నిసార్లు ఆ నియామకం న్యాయస్థానం గుమ్మం కూడా తొక్కుతుంది. అదే సంస్థలో టపా తెరవడం మొదలుకొని ఉత్తర్వు అమలైందో లేదో చూడడం దాకా యంత్రాంగమంతటినీ నడిపే కార్యదర్శి ఎలా వచ్చారన్నది మాత్రం అధికారుల బదిలీల జాబితాలో ఒక పంక్తిగా అచ్చయి ఊరుకుంటుంది. సంస్థ స్వతంత్రత నిలిచేదీ జారిపోయేదీ ఎక్కువగా ఆ పంక్తి దగ్గరే అన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం.

కార్యదర్శి చేతిలో ఏముందో తెలియాలంటే ఒక్క కవరు ప్రయాణాన్ని గమనిస్తే చాలు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం అడిగిన సమాచారం సాధారణంగా 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవాలి. ఆ రెండో అప్పీలు కవరు కమిషన్ కార్యాలయానికి చేరాక ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు పడుతుంది, జత చేసిన కాగితాలు సరిపోయాయా అన్న పరిశీలన జరుగుతుంది, ఇరుపక్షాలకూ నోటీసు వెళుతుంది, విచారణ జాబితాలో తేదీ దొరుకుతుంది, ఆ తరువాతే అది కమిషనర్ బల్ల మీదికి వస్తుంది. కేంద్ర కమిషన్‌కు వర్తించే 2012 నిబంధనలు దరఖాస్తు, జవాబు, మొదటి అప్పీలు, దానిపై వచ్చిన ఉత్తర్వు ప్రతులతో పాటు ఆ పత్రాల సూచికను కూడా జతచేయమంటాయి. సూచిక లేని అప్పీలును తిప్పి పంపాలా, లేక ఒక ఫోను చేసి లోపం సరిచేయించాలా అన్న ప్రశ్నకు ఆచరణలో జవాబు చెప్పేది కార్యదర్శి తన సిబ్బందికి నేర్పిన అలవాటే. తిప్పి పంపిన ప్రతి కవరూ పెండింగు సంఖ్యను ఒకటి తగ్గిస్తుంది. నివేదికలో అది సామర్థ్యంగా కనిపిస్తుంది, పల్లెటూరి దరఖాస్తుదారుకు అది మూసిన తలుపుగా కనిపిస్తుంది.

ఉత్తర్వు వెలువడిన తరువాత కూడా ఇదే వరస. సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా వేసే అధికారం చట్టం కమిషన్‌కు ఇచ్చింది. ఆ సొమ్ము జీతంలోంచి నిజంగా కోత పడిందా లేదా అన్నది మాత్రం ఎవరో ఒకరు రిజిస్టరు తెరిచి, నెలనెలా సంబంధిత శాఖకు రాసి, జవాబు రాకపోతే మళ్లీ రాస్తేనే తేలుతుంది. ఆ ఎవరో ఒకరిని నియమించి, ఆ పని ఆగకుండా చూసే బాధ్యత కార్యదర్శిది. వేసిన జరిమానాను ఎవరూ వెంబడించని చోట ఉత్తర్వుకూ ఉత్తరానికీ తేడా ఉండదు.

ఇంతటి పని చేసే అధికారిని ఎవరు ఇస్తారన్న ప్రశ్నకు మన చట్టాలు దాదాపు ఒకే గొంతుతో జవాబు చెబుతాయి. సమాచార హక్కు చట్టంలోని 13వ, 16వ సెక్షన్లు కమిషన్లకు అవసరమైన అధికారులను, ఉద్యోగులను ప్రభుత్వమే సమకూర్చాలంటాయి. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం జాతీయ కమిషన్‌కు కార్యదర్శి హోదా గల అధికారిని సెక్రటరీ జనరల్‌గా కేంద్ర ప్రభుత్వమే అందుబాటులో ఉంచుతుంది. దర్యాప్తు విభాగానికి నాయకత్వం వహించే డైరెక్టర్ జనరల్ స్థాయి పోలీసు అధికారినీ అలాగే ఇస్తుంది. 2019 సవరణ ఆ సెక్రటరీ జనరల్‌కు, అధ్యక్షుని నియంత్రణకు లోబడి, పరిపాలన, ఆర్థిక అధికారాలను కూడా అప్పగించింది. లోక్‌పాల్ చట్టం ఒక అడుగు ముందుకు వేసి కార్యదర్శిని అధ్యక్షుడే నియమిస్తాడని చెప్పింది గాని, కేంద్రం పంపిన పేర్ల జాబితాలోంచే ఎంచుకోవాలన్న షరతు పెట్టింది. తాళం ఎవరి చేతిలో ఉన్నా తాళంచెవుల గుత్తి ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది.

ఈ ఏర్పాటుకు పాలనా పరిభాషలో డెప్యుటేషన్ అని పేరు. ఒక శాఖ ఉద్యోగి తన మాతృశాఖలో హక్కును వదులుకోకుండా నిర్ణీత కాలం మరో సంస్థలో పనిచేసి తిరిగి వెళ్లడం దీని అర్థం. తెలుగులో దీన్ని అరువు అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఎరువుల సొమ్ము బరువుల చేటు అని పెద్దలు చెప్పిన సామెతలో ఎరువు అంటే అరువు తెచ్చుకున్న నగ. ఆ నగ పెట్టుకున్నంత సేపూ మెడకు బరువు, మనసుకు భయం. పెళ్లి ముగియగానే దాని చూపు సొంతదారు ఇంటివైపే. అరువు కార్యదర్శి నిజాయితీపరుడు కాడని ఈ పోలిక అర్థం కాదు. ఆయన తదుపరి పోస్టింగు, పదోన్నతి, పదవీ విరమణ తరువాత దొరకగల అవకాశం, ఇవన్నీ ఏ ప్రభుత్వం తీరును ఆయన సంస్థ పరిశీలిస్తోందో ఆ ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. ఎవరూ ఫోను చేయనక్కర లేకుండానే కొన్ని ఫైళ్లు నెమ్మదిస్తాయి, కొన్ని నోటీసుల భాష మెత్తబడుతుంది.

ఈ లోపం బయటపడిన సందర్భాలు తెలుగు నేల మీద కూడా ఉన్నాయి. రాజ్యాంగంలోని 243కె అధికరణం రాష్ట్ర ఎన్నికల కమిషనర్ కోరినప్పుడు గవర్నర్ సిబ్బందిని అందుబాటులో ఉంచాలని చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ఎన్నికల నిర్వహణపై ప్రభుత్వానికీ కమిషనర్‌కూ మధ్య 2020లో మొదలైన వివాదం ముదిరి, 2021 జనవరిలో కమిషనర్ తన సంఘం కార్యదర్శి సేవలు తనకు అక్కర లేదంటూ ప్రభుత్వానికి తిప్పి పంపే దాకా వెళ్లింది. ఆ వివాదంలో తప్పెవరిదన్న తీర్పు ఇక్కడ అవసరం లేదు. రాజ్యాంగ పదవిలో ఉన్న వ్యక్తికి తన పక్క గదిలోని అధికారి ఎవరి మనిషి అన్న సందేహం కలగడానికే వీలున్న నిర్మాణం అది అన్నదే గమనించవలసిన అంశం.

ఇంకో తెలుగు ఉదాహరణ మరో కోణాన్ని చూపుతుంది. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా ఒక్క కమిషనర్ కూడా లేరు. అప్పీళ్లపై తీర్పు చెప్పేవారు లేనంత మాత్రాన ప్రజలకు అప్పీలు చేసుకునే అవసరం తీరిపోదు. కమిషనర్లు వచ్చాక ఆ కాలంలో పోగుపడిన అప్పీళ్లలో దేన్ని ముందు వినాలి, పింఛను ఆగిపోయిన వృద్ధురాలి అప్పీలునా, వరుస నంబరులో ముందున్న మరో అప్పీలునా అన్నది చట్టం తీర్చే ప్రశ్న కాదు. అది ఫైళ్ల మధ్య బతికిన కార్యదర్శి కమిషనర్ ముందు పెట్టవలసిన ప్రణాళిక.

వేరే దారి లేదనడానికి వీల్లేదు, ఎందుకంటే అది మన రాజ్యాంగంలోనే ఉంది. 229వ అధికరణం హైకోర్టు అధికారుల, సిబ్బంది నియామకాన్ని ప్రధాన న్యాయమూర్తికి అప్పగించి, ఆ కోర్టు పరిపాలనా వ్యయాన్ని రాష్ట్ర సంచిత నిధిపై వేసింది, అంటే ఆ ఖర్చు శాసనసభ ఓటుకు లోబడి ఉండదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు సంబంధించిన ఒక కేసులోనే 1978లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, హైకోర్టు సిబ్బందిపై నియంత్రణ ప్రధాన న్యాయమూర్తిదేనని, రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ దానిలో జోక్యం చేసుకోలేదని తేల్చింది. ఆడిటర్ జనరల్ కార్యాలయానికి భారత ఆడిట్, అకౌంట్స్ సర్వీసు అనే ప్రత్యేక సర్వీసు ఉంది. ఆ కార్యాలయపు పై మెట్లు ఎక్కేవారు సాధారణంగా ఆ నిచ్చెన మీదే పెరిగినవారు. అంతర్జాతీయంగా, 1993లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన పారిస్ సూత్రాలు మానవ హక్కుల సంస్థలకు సొంత సిబ్బంది ఉండాలని కోరుతున్నాయి. ఆ సూత్రాల ప్రకారం గుర్తింపు ఇచ్చే అంతర్జాతీయ కూటమి 2023లోను, 2024లోను భారత కమిషన్ పునర్గుర్తింపును వాయిదా వేసినప్పుడు ఎత్తిచూపిన అభ్యంతరాల్లో ప్రభుత్వం నుంచి వచ్చే సెక్రటరీ జనరల్, దర్యాప్తులో పోలీసు అధికారుల పాత్ర కూడా ఉన్నాయి.

డెప్యుటేషన్‌ను సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. సచివాలయంలో ఫైలు ఎక్కడ దాక్కుంటుందో, ఏ నోట్‌లో ఏ మాట ఎందుకు తప్పించి రాస్తారో ఆ గూటిలో పాతికేళ్లు గడిపినవారికి తెలిసినట్టు బయటివారికి తెలియదు. కొత్తగా వచ్చిన మేనేజ్‌మెంట్ నిపుణుణ్ని శాఖాధిపతులు మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఖాళీ చేతులతో పంపించగలరు. అందువల్ల వదులుకోవలసింది ప్రభుత్వ అనుభవాన్ని కాదు, తిరిగి వెళ్లే దారాన్ని. అనుభవజ్ఞుడు రావచ్చు గాని మాతృశాఖలో హక్కు వదులుకుని రావాలి; ఐదేళ్ల వంటి స్థిరమైన పదవీకాలం ఉండాలి; వార్షిక పనితీరు నివేదిక రాసే కలం కమిషన్ అధ్యక్షునిదే కావాలి; పదవి ముగిశాక కొంత కాలం ప్రభుత్వ నియామకాలేవీ స్వీకరించరాదు.

ఎంపిక అనేది కూడా ఒక వృత్తివిద్యే. మంచి మేస్త్రీ ఇటుకను చేత్తో తట్టి శబ్దం వింటాడు. నియామకంలో ఆ తట్టడానికి సమానమైనది పనిని చేయించి చూడడం. ఆఖరి జాబితాలోని ప్రతి అభ్యర్థికీ పేర్లు తీసేసిన ఇరవై అప్పీళ్ల కట్టను, ముగ్గురు సిబ్బందిని, ఒక నెల గడువును ఇచ్చినట్టు చెప్పి ప్రణాళిక రాయమనవచ్చు. కొందరు పాతవి ముందు అంటారు, కొందరు సులువైనవి ముందు ముగించి సంఖ్య పెంచుతారు, అరుదుగా ఒకరు ఒకే కార్యాలయం మీద ఏడు అప్పీళ్లు ఉన్నాయని పట్టుకుని ఆ ఏడింటినీ ఒకే రోజు విచారణకు పెట్టమంటారు. ఆ మూడో వ్యక్తే మనం వెతుకుతున్న మనిషి. ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు వేసి, ప్రతి సభ్యుడూ ఇతరులతో మాట్లాడకముందే మార్కులు రాసే పద్ధతి పాటిస్తే మొహమాటానికీ సిఫారసుకూ చోటు తగ్గుతుంది. ఒక ప్రశ్న మాత్రం తప్పనిసరిగా ఉండాలి: పై అధికారికి నచ్చని ఏ విషయాన్ని ఎప్పుడు కాగితం మీద రాసిపెట్టారు? దీనికి జవాబు వెంటనే గుర్తుకు రానివారు మంచి పరిపాలకులు కావచ్చు గాని, ఈ పదవికి తగినవారు కాకపోవచ్చు.

ఇదంతా జరగడానికి పెద్ద సంస్కరణలేవీ అక్కర లేదు. 2019లో సమాచార హక్కు చట్టాన్ని సవరించినప్పుడు పార్లమెంటు కమిషనర్ల పదవీకాలాన్ని, జీతాలను నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. సిబ్బంది గురించిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేసింది. ఆ వాక్యంలో ప్రభుత్వం అధికారులను సమకూర్చాలి అని ఉంది. కమిషన్ నియమించుకోవాలి, ప్రభుత్వం నిధులు సమకూర్చాలి అని రాస్తే సరిపోతుంది. ఈసారి ఏదైనా కమిషన్‌కు కొత్త అధ్యక్షుడు వచ్చాడన్న వార్త చదివిన పాఠకులు, ఆ సంస్థ కార్యదర్శి ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, పదవి ముగిశాక ఎక్కడికి వెళతారు అన్న మూడు ప్రశ్నలను కూడా సమాచార హక్కు దరఖాస్తులో రాసి అడగాలి. అడగడానికి రుసుము సాధారణంగా పది రూపాయలే.