బిగువు తెలిసిన వేళ్లు

అల్లూరు దాటి విడవలూరు దారిలో పడ్డాం. రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. టైము పదకొండున్నర. నా ముందు పోతున్న సైకిలు వెనక చక్రంలోంచి టింగుమని ఒక మోత వచ్చింది, తంబురా తీగ తెగినట్టు. నాలుగు గజాలు పోయేసరికి రిమ్ము ఎడమ బ్రేకుకు రాసుకుంటూ జర్రు జర్రుమనడం మొదలుపెట్టింది. చువ్వ తెగింది.

ఒంగోలు నుంచి సూళ్లూరుపేట దాకా నాలుగు రోజుల ప్రయాణం మాది. తొమ్మిది మందిమి. మొదటి రాత్రి కావలిలో పడుకున్నాం, రెండో రాత్రికి మైపాడు చేరాలి. హైవే వదిలేసి చిన్న ఊళ్ల మీదుగా పోవాలని ముందే అనుకున్నాం. మే నెల రెండో వారం, కర్తరి ఎండలు. సముద్రం ఇంత దగ్గరుంది కదా, చల్లగా ఉండదా అని మాలో ఇద్దరు కొత్తవాళ్లు అడిగారు. ఈ తీరం సంగతి తెలిస్తే ఆ మాట అడగరు. ఈ రోజుల్లో పడమటి గాలి రాయలసీమ మెట్టల మీద కాగి, వెలిగొండలు దాటి ఇటు దిగుతుంది. అది బలంగా వీచినంతసేపు సముద్రపు గాలికి ఒడ్డు దాటి లోపలికొచ్చే సందు దొరకదు. అలలు కనపడే దూరంలో ఉన్న ఊళ్లు కూడా పొయ్యి మీద పెనంలా కాగుతుంటాయి. సందేళ దాటాక ఎప్పుడో గాలి తిరుగుతుంది. అందాకా ఓర్చుకోవాల్సిందే.

2025 మార్చిలో సీఐఎస్ఎఫ్ జవాన్లు దేశపు తీరమంతా సైకిళ్ల మీద చుట్టారు. 125 మంది, అందులో 14 మంది మహిళలు. ఒక జట్టు గుజరాత్‌లోని లఖ్‌పత్ నుంచి, ఇంకో జట్టు పశ్చిమ బెంగాల్‌లోని బక్కాలి నుంచి మార్చి 7న బయలుదేరి, రెండు జట్లూ కలిపి 25 రోజుల్లో 6,553 కిలోమీటర్లు తొక్కి 31న కన్యాకుమారిలో కలిశారు. అది ఒక పెద్ద సంస్థ నడిపిన యాత్ర. మా వెనక జీపూ లేదు, మెకానిక్కూ లేడు. తెగిన చువ్వకు బదులు చువ్వ కూడా లేదు. మా దగ్గరున్నవి ట్యూబులూ, ప్యాచీలూ, నీళ్ల సీసాలూ.

సైకిలు నడిపించుకుంటూ కిలోమీటరు పోయాక ఒక చిన్న సెంటరు, వేపచెట్టు, దాని కింద తాటాకు పంచ దించిన సైకిల్ షాపు. లోపల ఒకాయన. అరవై దాటి ఉంటాయి. చేపల బుట్టల సైకిలు ఒకటి బోర్లా పెట్టుకుని ఫ్రీవీలు విప్పుతున్నాడు. మమ్మల్ని చూసి "యాడికి సార్ ఈ ఎండలో?" అన్నాడు. మైపాడు అన్నాం. "పోతారులే. ముందు ఆ కుండలో మజ్జిగుంది, తాగండి. మనిషి సల్లబడినాక సైకిల్ సంగతి."

మా మజ్జిగ అయ్యేలోపు ఆ షాపును చూశాను. ఎండాకాలం పనికి ఆయన చేసుకున్న అమరిక ముచ్చటగా ఉంది. పానాలు, స్పోక్ కీ, కటింగ్ ప్లేరు అన్నీ తడి గోనెపట్టా మీద వరసగా పరిచి ఉన్నాయి. ఎండలో పెట్టిన ఇనుము చేత్తో పట్టుకోలేం కదా. సొల్యూషన్ ట్యూబు ఒక మట్టి మూకుట్లో, నీడలో. వేడికి అది ఊరికే ఆరిపోతుందట. నీడ జరిగే కొద్దీ ఆయన పీటా, గోనె, మూకుడూ చెట్టు చుట్టూ జరుగుతాయి. నేల మీద ఉన్న నూనె మరకల వంపు చూస్తే, ఏ వేళకు ఆయన ఎక్కడ కూర్చుంటాడో చెప్పొచ్చు.

ఆ సైకిలు ఒంగోలు నుంచి వచ్చిన మా మాస్టారిది. గేర్ల సైకిలు, పట్నంలో ఒక పెద్ద షోరూములో కొన్నది, ఏడాది కూడా కాలేదు. పెద్దాయన చక్రాన్ని వేలితో తిప్పాడు. ఒక చుట్టు చూశాడు. తర్వాత తిప్పడం ఆపి, చువ్వల్ని ఒక్కొక్కటిగా గోటితో మీటడం మొదలుపెట్టాడు. కుడి పక్కవన్నీ ఒక వరస, ఎడమ పక్కవన్నీ ఒక వరస. గేర్ల చక్రంలో పళ్ల చక్రాలకు చోటివ్వడానికి కుడి చువ్వలు నిటారుగా నిలబడాలి, కాబట్టి వాటి బిగువు ఎక్కువ. ఎడమవి వాలుగా ఉంటాయి, బిగువు తక్కువ. రెండు పక్కలా ఒకే శ్రుతి రాదు, రాకూడదు కూడా. అందుకే ఆయన ఏ పక్కకు ఆ పక్క విడిగా విన్నాడు. గేర్ల సైకిళ్లు ఈ సెంటరుకు ఏడాదికి ఎన్ని వస్తాయి? ఆ తేడా ఆయనకు పుస్తకం చెప్పలేదు. చెవి చెప్పింది.

"ఇది బిగువుకి తెగలా సార్," అన్నాడు, "లూజుకి తెగింది."

ఆ ఒక్క మాటలో సైకిల్ చక్రం శాస్త్రమంతా ఉంది. ఎద్దులబండి చక్రంలో బరువు ఆకుల మీద నిలబడుతుంది. ఇరుసు కిందున్న ఆకు స్తంభంలా మోస్తుంది. సైకిలు చువ్వ రెండు మిల్లీమీటర్ల తీగ, దాన్ని నిలబెట్టి నొక్కితే వంగిపోతుంది. అందుకే దాన్ని ముందే గట్టిగా లాగి కడతారు. హబ్బును నలువైపులా లాగి పట్టిన తీగల సమతూకమే చక్రం. చక్రం తిరిగేటప్పుడు నేలకు ఆనే చోట చువ్వ బిగువు కాస్త తగ్గుతుంది, పైకి లేవగానే మళ్లీ వస్తుంది. గట్టిగా బిగించిన చువ్వకు ఆ తగ్గుదల లెక్కలోకి రాదు. వదులుగా ఉన్నదైతే ప్రతి చుట్టులోనూ పూర్తిగా సడలి, మళ్లీ లాక్కుని, హబ్బు దగ్గర మెడ వంపులో కొంచెం కొంచెంగా కదులుతుంది. గేర్ల సైకిలు చక్రం కిలోమీటరుకు దాదాపు 475 సార్లు తిరుగుతుంది. ఒంగోలు నుంచి అక్కడికి నూరు కిలోమీటర్లు పైబడి వచ్చాం. అంటే ఆ మెడ యాభై వేల సార్లు కదిలింది. దానికి ముందు ఏడాది పొడుగునా కదిలింది. తీగను ముందుకూ వెనక్కూ వంచి తెంపుతామే, అదే పని నిదానంగా జరిగింది. యంత్రం మీద గబగబా కట్టి, మనిషి చేత్తో మళ్లీ సరిచూడకుండా అమ్మిన చక్రం అది.

తెగింది కుడి పక్క చువ్వ. దాన్ని మార్చాలంటే పళ్ల చక్రాల గుత్తిని ఊడదీయాలి. ఆ గుత్తికి వేరే పానా కావాలి, అది ఈ షాపులో లేదు. పైగా ఆయన దగ్గరున్నవి మామూలు పెద్ద సైకిలు చువ్వలు, ముందు చక్రానికి 32, వెనక్కు 40 పడేవి. ఇవి మాకు కావలసిన దానికంటే పొడుగు. మాస్టారు ముఖం వాడిపోయింది. నెల్లూరు పోయి చూద్దామన్నాడు ఒకతను. పెద్దాయన మాట్లాడకుండా డబ్బాలోంచి ఒక చువ్వ తీశాడు. తెగిన చువ్వ తాలూకు నిప్పిల్ రిమ్ములోనే ఉంది. దాన్ని అక్కడే ఉంచి, తెగిన ముక్కను విప్పి, కొత్త చువ్వ మరను అందులోకి వేళ్లతోనే ఎక్కించి చూశాడు. పట్టింది. టైరు విప్పే పని తప్పింది.

తర్వాత చేసిందే నేను మర్చిపోలేనిది. పొడుగు చువ్వను చక్రం పక్కన ఆనించి, బొటనవేలి గోటితో ఒక గుర్తు పెట్టుకున్నాడు. తలకాయ ఉన్న కొసను కత్తిరించేశాడు. ఆ కొసను ప్లేరుతో రెండు సార్లు వంచాడు, ఒక వంపు అటు, ఇంకో వంపు ఇటు, పొయ్యిలో కాల్చకుండా చల్లగానే. వంపు మరీ కోసుగా ఉంటే తీగ అక్కడే చిట్లుతుంది, మరీ గుండ్రంగా ఉంటే హబ్బు రంధ్రంలో దూరదు. రెండు వంపుల మధ్య దూరం హబ్బు రేకు మందంతో సరిగ్గా సరిపోవాలి. కొలబద్ద లేదు. ఒకసారి పెట్టి చూసి, తీసి, ఆకురాయితో కొస నున్నగా రాసి, మళ్లీ పెట్టాడు. గేర్ల గుత్తి వెనక ఉన్న ఇరుకు సందులోంచి కొక్కెం రంధ్రంలోకి జారి, అవతల పక్క తిరిగి పట్టుకుంది. పొడుగు చువ్వ పొట్టిదయింది, తలకాయ లేని చువ్వకు మెడ వచ్చింది, పళ్ల చక్రాలు కదలనే లేదు. దూరప్రయాణాల సైక్లిస్టులు ఇలాంటి కొక్కెపు చువ్వలు ముందే చేయించుకుని వెంట తీసుకెళ్తారని నేను చదివాను. ఈయన అది చదవలేదు. చేతిలో ఉన్నదాన్నీ, ముందున్న అడ్డునూ చూసి, అక్కడికక్కడ పుట్టించాడు.

ఇక బెండు తీయడం. సైకిలును సీటు కింద తాడు వేసి వేపకొమ్మకు వేలాడదీశాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, చెయ్యి వెనక ఫోర్కుకు ఆనించి, సుద్ద కొసను రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో నిలిపి చక్రం తిప్పాడు. ఉబ్బిన చోటల్లా సుద్ద అంటుకుంది. నేనైతే ఆ గుర్తున్న చోట చువ్వ బిగించేవాణ్ని. ఆయన ముందు ఉబ్బిన పక్క చువ్వల్ని వదులు చేశాడు, తర్వాత అవతలివి బిగించాడు. ఒక చువ్వ ఎంత తిప్పితే దాని పక్కవాటికి సగం, వాటి పక్కవాటికి ఇంకా తక్కువ. కీని ఎప్పుడూ పావు చుట్టుకు మించి తిప్పలేదు. తిప్పిన ప్రతిసారీ కొంచెం ఎక్కువ తిప్పి, ఆ కొంచెం వెనక్కు తెచ్చేవాడు. ఎందుకని అడిగాను. నిప్పిల్‌తో పాటు తీగ కూడా మెలి తిరుగుతుందట, ఆ మెలిక విప్పకపోతే పది కిలోమీటర్లు పోయాక దానంతటదే విప్పుకుని మళ్లీ వదులవుతుందట. చివర్లో రెండేసి చువ్వల్ని గుప్పిట పట్టి గట్టిగా నొక్కాడు. లోపల ఎక్కడో కిటుక్కుమన్నాయి. "కూర్చున్నాయి," అన్నాడు.

చువ్వల్ని హబ్బు నుంచి నిటారుగా కాకుండా పక్కకు వాల్చి, ఒకదాని మీదుగా ఒకటి అల్లే పద్ధతికి ఇంగ్లాండులో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్నాడు. తొక్కే బలం హబ్బు నుంచి రిమ్ముకు చేరేది ఆ వాలు వల్లే. ఇన్నేళ్లలో సైకిలులో ఎన్నో మారాయి గానీ ఆ అల్లిక చాలావరకు అలాగే ఉంది. 1949లో అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలయ్యాక హెర్క్యులిస్ సైకిళ్లు ఈ జిల్లా పల్లెలకు వచ్చాయి. బియ్యం మూటలూ, పాలక్యాన్లూ, చేపబుట్టలూ వాటి మీదే నడిచాయి. గంటకింతని బాడుగ సైకిళ్లు తిరిగిన రోజుల్లో ఇలాంటి షాపు లేని సెంటరు లేదు. మూటల బరువుకు బెండయిన చక్రాలు రోజుకు పదేసి చూసిన చెవి అది. మా గేర్ల సైకిలు దాని ముందు చిన్న పరీక్ష.

మొత్తం నలభై నిమిషాలు. అరవై రూపాయలు చాలన్నాడు. మాస్టారు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. "నూటికి నూరూ పోతాది సార్. అయినా సాయంత్రం ఒకసారి సుద్ద పెట్టి చూసుకోండి," అని తన సుద్దముక్క విరిచి సగం ఇచ్చాడు. మేం సీసాలు నింపుకునే లోపే చేపల సైకిలు ఫ్రీవీలు దగ్గరికి వెళ్లిపోయాడు. దాని యజమాని ఎండలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. మా కోసం తన పని ఆపినందుకు ఆ మనిషి ఒక్క మాట అనలేదు. అది కూడా రాసి పెట్టాల్సిందే.

ఆ మధ్యాహ్నం కోవూరులో మూడు గంటల దాకా ఆగిపోయాం. తాటిముంజలు తిని, నన్నారి షర్బత్ తాగి, ఒక అరుగు మీద పడుకున్నాం. పెన్న వంతెన దాటి, ఇందుకూరుపేట వైపు తిరిగాం. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉన్న పల్లిపాడు అటే. ఆగాలనుకున్నాం, పొద్దు లేక ఆగలేదు. బకింగ్‌హాం కాలువ దాటుతుంటే గాలి తిరిగింది. ముందుగా చెమటకు తెలిసింది, తర్వాత చెవులకు. పడమటి గాలి హోరు ఆగిపోయి, ఉప్పు వాసన వచ్చింది. అందరం ఒక్కసారిగా తొక్కడం ఆపి సైకిళ్లను వాటి మానాన పోనిచ్చాం. మాస్టారి చక్రం చప్పుడు లేకుండా తిరుగుతోంది.

మైపాడులో ఆయన చెప్పినట్టే సుద్ద పెట్టి చూశాం. తర్వాత ముత్తుకూరు, కృష్ణపట్నం రేవు లారీల దారి, కోట, వాకాడు, నాయుడుపేట. నాలుగో రోజు సాయంత్రం సూళ్లూరుపేట స్టేషన్ బయట రైలు కోసం కూర్చున్నప్పుడు, మాస్టారు సైకిలును గోడకు ఎత్తి పట్టుకుంటే, నేను మిగిలిన సుద్దముక్కను రిమ్ము దగ్గర పెట్టి తిప్పాను. కొంచెం దగ్గరికి జరిపాను. ఒక్కచోట ఆగలేదు, ఒక్కచోట తప్పలేదు. రిమ్ము చుట్టూ సన్నగా, తెల్లగా, ఒకే గీత పడింది.