మూగబోయిన రేడియోకు మాట తెప్పించేవాళ్లు

చిన్న రేడియో స్టేషన్ మూగబోతే తప్పు ప్రతిసారీ మైకుది కాదు. ఎక్కడో ఒక కాన్ఫిగరేషన్ ఫైలుది కావచ్చు. లిబ్రేటైమ్‌నే తీసుకోండి. 2017లో ఎయిర్‌టైమ్ నుంచి విడిపోయిన ఈ ఓపెన్ సోర్స్ రేడియో ప్రసార సాఫ్ట్‌వేర్ ఉమ్మడి కుటుంబం లాంటిది. డేటా దాచే పోస్ట్‌గ్రెస్, సందేశాలు మోసే రాబిట్‌ఎమ్‌క్యూ, ఆడియోను సిద్ధం చేసే లిక్విడ్‌సోప్, దాన్ని శ్రోతలకు పంపే ఐస్‌కాస్ట్ కలిసిమెలిసి ఉంటేనే పాట గడప దాటుతుంది. అలిగిందెవరో కనిపెట్టడమే అసలు పని.

బాగుచేసేవాళ్లలో నాకు నచ్చేది వాళ్ల నిదానం. ఇన్‌స్టాలర్ ఆగిపోగానే అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టరు. లాగ్ తెరిచి, చివరి ఎర్రర్ దగ్గర ఆగకుండా, మొట్టమొదట ఎక్కడ తేడా వచ్చిందో వెతుకుతారు. ఐస్‌కాస్ట్‌లో ఒక పాస్‌వర్డు, లిక్విడ్‌సోప్‌లో మరొకటి ఉంటే ప్రసారం ఉండదు. ఐస్‌కాస్ట్ వాడే 8000 పోర్టును ఇంకేదో ఆక్రమించినా అంతే.

లిక్విడ్‌సోప్ మొండితనం మరీ ముచ్చట. మధ్యలో ఆగిపోయే అవకాశమున్న ఆడియో మూలాన్ని అది నేరుగా ప్రసారానికి ఒప్పుకోదు. కొత్తవాళ్లు తిట్టుకుంటూ 'ఎమ్‌కేసేఫ్' తగిలించి ఊరుకుంటారు. అది ఖాళీని నిశ్శబ్దంతో నింపుతుంది. వినేవాడికి ఒరిగేదేమీ లేదు. పనితనం తెలిసినవాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఒక ఆడియో ఫైలును వెనక నిలబెడతారు. ఆ మార్పు ఎందుకు చేశారో ఫైలులోనే రెండు ముక్కలు రాసిపెట్టేవాళ్లయితే జీతం పెంచాల్సిందే. అసలు జీతమంటూ ఇస్తుంటే!